నకలు కావలెను

ప్లాస్టిక్ కవర్లో ఆధార్ జిరాక్సులు పెట్టుకుని ఊళ్ళు తిరిగే సాటి బాధితులారా! ఈ దేశానికి కష్టాలకేం కొదవ లేదు. నదీజలాల వాటాలు తేలలేదు. రాజధాని మాటెత్తితే ఇద్దరు అన్నదమ్ములు కూడా ఒక అరుగు మీద కూర్చోలేరు. నిమ్మకాయ ధర ఒక వారం కొండెక్కుతుంది, ఇంకో వారం కోత కూలికి కూడా సరిపోదు. వాటి గురించి మాట్లాడే పెద్దలు టీవీల నిండా ఉన్నారు గనుక నేను వాటి జోలికి పోను. ఎవరూ పట్టించుకోని ఒక జాతీయ విపత్తును మాత్రం మీ ముందు పెడుతున్నాను. నాకు మూడు కాగితాలు కావాలి. ఒకటి పోలీసుల దగ్గర ఉంది, ఒకటి కోర్టులో ఉంది, ఒకటి జైల్లో ఉంది. నేను మాత్రం నెల్లూరు జిల్లా ఉదయగిరిలో, మా ఇంటి అరుగు మీద ఉన్నాను.

మూడూ మా ఇంటి కాగితాలే. మా తాత జైలుకు పోయాడు, మా నాన్న కోర్టుకు పోయాడు, నేను స్టేషనుకు పోయాను. రాజ్యాంగ వ్యవస్థల్లో వరసగా మూడు తరాలు ఇంత నమ్మకంగా హాజరు వేయించుకున్న కుటుంబం ఈ పడమటి మెట్టలో ఇంకొకటి ఉంటుందనుకోను. తాత 1942లో క్విట్ ఇండియా అని లోపలికి పోయాడని మా ఇంట్లో చెప్పుకునే చరిత్ర. నాన్న పొలం పంపకాల దావా గెలిచి డిక్రీ తెచ్చుకున్నాడు. ఆ డిక్రీ ప్రకారం గట్టు ఎటువైపు ఉండాలో పక్క పొలం ఆసామికి ఈ మధ్య హఠాత్తుగా మతిమరుపు వచ్చింది. ఇక నా మోపెడ్‌ను ఆత్మకూరులో ఒక పెళ్ళి మండపం ముందు నుంచి ఎవరో పుణ్యాత్ములు తోలుకుపోయారు. ఆ సమయానికి నేను లోపల అక్షింతలు వేసి, గోంగూర దాకా వచ్చాను.

అసలు అవమానం జరిగింది ఆ బంతిలోనే. మా బావమరిది, నలుగురు పెద్దమనుషులు వినేట్టుగా, "అయినా బావా, మీ తాత స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయాడని మీరే చెప్పుకుంటారు గానీ, మేకల కేసని మా వైపు అందరూ అంటారే" అన్నాడు. విస్తట్లో నా చెయ్యి అక్కడే నిలిచిపోయింది. "కాగితం ఉంటే చూపించు" అని సాంబారు పోయించుకున్నాడు. ఆ క్షణాన నాలో నిద్రపోతున్న ఒక జాతి మేలుకొంది, ఒక చరిత్ర ఉలిక్కిపడి లేచింది, ఒక వంశగౌరవం కత్తి దూసింది. మా ఆవిడ పెరుగు అడిగింది.

ఇక్కడే మనబోటి వాళ్ళ దుస్థితి తేటతెల్లమవుతుంది. మన బతుకులో జరిగినదానికి మన సాక్ష్యం చెల్లదు. మోపెడ్ నాది, పోయింది నాది, ఏడ్చింది నేను. అయినా అది పోయిందని చెప్పాల్సింది స్టేషను. పొలం మాది, గట్టు మాది. అయినా అది ఎక్కడుందో చెప్పాల్సింది కోర్టు. తాత మావాడు. ఆయన ఎందుకు పోయాడో చెప్పాల్సింది ఆయనను లోపల పెట్టినవాళ్ళు. అంతెందుకు, నేను బతికి ఉన్నానని ఏటా పింఛను ఆఫీసుకు చెప్పేది కూడా ఒక కాగితమే. నేను దాని పక్కన నిలబడి తలూపుతుంటాను.

ముందుగా పోలీసు పర్వం. చట్టం చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 173వ సెక్షను ప్రకారం నేరం ఏ స్టేషను హద్దులో జరిగినా ఏ స్టేషన్లోనైనా చెప్పుకోవచ్చు. ఫోన్లోనో కంప్యూటర్లోనో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెడితే సరి. ఫిర్యాదు ఇచ్చినవాడికి ఎఫ్‌ఐఆర్ నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. ఇది కొత్తగా కురిసిన వరం కూడా కాదు, పాత చట్టంలో 154వ సెక్షను కింద కూడా నకలు ఉచితమే. వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ (కాగ్నిజబుల్) నేరం జరిగిందని ఫిర్యాదులో కనబడితే కేసు కట్టి తీరాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇంత మంచి చట్టాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఒక స్టేషను గడప తొక్కాను. ఏ స్టేషనో చెప్పను. మీరు మీ ఊరిదే అనుకోండి, కథకు లోటు రాదు.

రైటరు బందోబస్తుకు పోయాడు. ఎస్సై గారు కోర్టుకు పోయారు. కోర్టు కానిస్టేబులు నెల్లూరు పోయాడు. ప్రింటరు రిపేరుకు పోయింది. కాగితాల కట్ట కోసం పోయిన హోంగార్డు టీ తాగడానికి పోయాడు. కరెంటు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. పోకుండా ఉన్నది నేనూ, గోడ గడియారమూ. అది ఆగిపోయి ఉంది.

"ఆన్‌లైన్లో చూసుకో సార్, అంతా నెట్లో ఉంటుంది" అన్నాడు సెంట్రీ, ఎంతో ఆప్యాయంగా. నిజమే. 2016 సెప్టెంబరు 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే అంది. ఎఫ్‌ఐఆర్ కట్టిన 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలి. నెట్టు సరిగా అందని చోట్ల 48 గంటలు, మరీ కష్టమైతే 72 గంటలు. లైంగిక నేరాలు, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులు మాత్రం పెట్టరు. నా మోపెడ్ ఉగ్రవాదం కిందికి రాదనే నా నమ్మకం. దాని పొగ పీల్చిన వీధివాళ్ళ అభిప్రాయం వేరు.

సరే, మా బావమరిది కొడుకును బతిమాలి సెల్లులో తెరిపించాను. వంశాల మధ్య వైరం ఉన్నా పిల్లల దగ్గర డేటా ఉంటుంది. ఆ పేజీ జిల్లా అడిగింది, స్టేషను అడిగింది, సంవత్సరం అడిగింది, చివరికి ఎఫ్‌ఐఆర్ నంబరు అడిగింది. ఎఫ్‌ఐఆర్ నంబరు ఎక్కడ ఉంటుంది? ఎఫ్‌ఐఆర్ మీద ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ ఎక్కడ ఉంది? దానికోసమే గదా నాయనా ఈ నంబరు! నాలుగు వేదాలు, ఆరు శాస్త్రాలు తెలిసిన పండితుడు కూడా ఈ చిక్కు ముందు చేతులెత్తేస్తాడు. చివరికి స్టేషను బయట టీ బంకు అబ్బాయి నంబరు చెప్పాడు. అతనికి అన్ని నంబర్లూ తెలుసు.

నంబరు దొరికాక ఇంకో ఉపద్రవం. ఆత్మకూరు ఒక్కటి కాదు. మాది నెల్లూరు ఆత్మకూరు. నల్లమల అంచున నంద్యాల జిల్లాలో ఒక ఆత్మకూరు ఉంది. అనంతపురం జిల్లాలో ఒకటి ఉంది. తెలంగాణలోకి దాటితే వనపర్తి జిల్లాలో ఒకటి, హనుమకొండ వైపు ఒకటి, యాదాద్రి భువనగిరి జిల్లాలో 'ఎం' తగిలించుకున్నది ఒకటి, సూర్యాపేట జిల్లాలో 'ఎస్' తగిలించుకున్నది ఒకటి. మా ఉదయగిరికి కూడా ఒడిశాలో ఒక జంట, మధ్యప్రదేశ్‌లో ఇంకో జంట ఉన్నాయి. పిల్లవాడు ఏ ఆత్మకూరును నొక్కాడో గానీ, అదే నంబరు కింద ఎక్కడిదో గొర్రెల తగాదా తెరుచుకుంది. గొర్రెలు అనగానే వాడు నా మొహం చూసి నవ్వాడు. వాళ్ళ నాన్న పోలిక.

ఇంకొన్ని సంగతులు, మీకు పనికొస్తాయని చెబుతున్నాను, మీరూ ఒకనాటికి ఈ బెంచీ మీదికి రావలసినవాళ్ళే గనుక. ఎఫ్‌ఐఆర్ లోకానికి కనబడుతుంది గానీ ఛార్జిషీటు కనబడదు. అది బహిరంగ పత్రం కాదు, వెబ్‌సైటులో పెట్టనక్కర్లేదని 2023 జనవరిలో సౌరవ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముద్దాయికి, వకీలును పెట్టుకున్న బాధితుడికి మాత్రం కోర్టు ద్వారా ఉచితంగా ఆ కాగితాలు ఇవ్వాలి. కొత్త చట్టం 230వ సెక్షను దానికి 14 రోజుల గడువు పెట్టింది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలని 193వ సెక్షను ఆదేశం. నాకూ చెప్పారు. "చూస్తున్నాం" అని.

అంతటితో తీరిందా? బీమా కంపెనీకి ఎఫ్‌ఐఆర్ ఒక్కటే చాలదట. బండి దొరకలేదని పోలీసులు రాసిచ్చిన కాగితం కూడా కావాలట. అంటే నా బండి ఎక్కడుందో తమకు తెలియదని, తెలియనివాళ్ళు, తెలిసి, సంతకం పెట్టి, సీలు వేసి ఇవ్వాలి. ఆ మాట నేను మొదటి రోజే నోటితో ఊరికే చెప్పాను.

అప్పుడు మా వీధి చివర రిటైర్డు మాస్టారు, "సమాచార హక్కు వెయ్యి నాయనా" అన్నారు. 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉన్న మహాచట్టం. తెల్లకాగితం మీద రాసుకోవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. నకలు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజే లేదు. పోలీసు స్టేషను మండల స్థాయా, పై స్థాయా అని మా రచ్చబండ దగ్గర ఘోరమైన చర్చ జరిగింది. ఒక వర్గం అయిదంది, ఒక వర్గం పదంది, తటస్థులు ఏడున్నర అన్నారు. వంశ ప్రతిష్ఠకు సంబంధించిన విషయంలో అయిదు రూపాయలు చూసుకోవడం మా ఇంటావంటా లేదు. పదే కట్టాను. మిగతా అయిదు ఇంకా గుర్తొస్తూనే ఉంది.

ఆ చట్టంలో నాకు బాగా నచ్చింది 6వ సెక్షనులోని రెండో సబ్‌సెక్షను. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. "మా బావమరిది నోరు మూయించడానికి" అని రాయనక్కర్లేదు. రాయాలని మాత్రం ప్రాణం కొట్టుకుంది. అడిగే తీరు కూడా ఒకటుంది. "నా బండి ఎందుకు దొరకలేదు? మీకు మనసు లేదా?" అని అడిగితే అది సమాచారం కిందికి రాదు. ఉన్న కాగితాన్నే అడగాలి. ఫలానా తేదీ జనరల్ డైరీలో ఫలానా నమోదు, ఫలానా నంబరు ఎఫ్‌ఐఆర్ నకలు, దర్యాప్తు ముగిసి ఉంటే కోర్టుకు పంపిన తుది నివేదిక నకలు, ఇలా పేరుపెట్టి పిలవాలి. తప్పు ఆఫీసుకు వేసినా వాళ్ళే అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. మోపెడ్ నా ప్రాణమని రాసి చూశాను. ఒప్పుకోలేదు.

వచ్చిన జవాబులో 8(1)(హెచ్) అని ఉంది. దర్యాప్తుకు ఆటంకం కలుగుతుంది గనుక ఇవ్వలేమని. దర్యాప్తు జరగడం లేదని నా గోడు, జరుగుతోంది గనుక చెప్పమని వాళ్ళ వాదన. ఈ వాదనకూ మందుంది. ఊరికే దర్యాప్తు నడుస్తోందంటే చాలదు, ఈ కాగితం ఇస్తే అది ఎలా చెడుతుందో చూపించాలని 2007లో ఢిల్లీ హైకోర్టు భగత్ సింగ్ అనే ఆయన కేసులో చెప్పింది. ఆ మాట రాసి 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అక్కడా పనికాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషనుకు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు. ఈ అంకె చదివిన రాత్రి నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఆ డబ్బు నాకు రాదని పొద్దున తెలిసింది.

రెండోది కోర్టు పర్వం. అక్కడికి సమాచార హక్కు దరఖాస్తు పట్టుకుపోతే చిరునవ్వుతో వెనక్కి ఇస్తారు. కోర్టు రికార్డుల నకళ్ళు కావాలంటే హైకోర్టు పెట్టిన రూల్సు ప్రకారం అడగాలి తప్ప సమాచార హక్కు దారిలో కాదని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు గుజరాత్ హైకోర్టు కేసులో చెప్పింది. కేసులో పార్టీ అయితే నకలు దరఖాస్తు వేసుకుంటే చాలు. బయటివాడైతే ఎందుకు కావాలో చెప్పి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అక్కడేమో కారణం అడగరాదు, ఇక్కడేమో కారణం చెప్పి తీరాలి. ఒకే పూట రెండు ఆఫీసులూ తిరిగే గృహస్థు కారణాన్ని ఏ జేబులో పెట్టుకున్నాడో గుర్తుంచుకోవాలి. నా చొక్కాకు ఒకటే జేబు.

నేను బయటివాణ్ణి కాదు మహాప్రభో, గెలిచినవాడి కొడుకును అన్నాను. అయితే ఆయన పోయాడని ఒక కాగితం, నేను ఆయన కొడుకునని ఒక కాగితం, నేను నేనేనని ఒక కాగితం కావాలన్నారు. కాగితం కోసం పోయినవాణ్ణి ముందు కాగితాలు తెమ్మన్నారు. మా నాన్న ముక్కు, చెవులు, కోపం అచ్చంగా నాకే వచ్చాయని ఊరంతా అంటుంది. వాటి మీద గెజిటెడ్ అధికారి సంతకం లేదు.

దరఖాస్తులో రాయాల్సినవి వినండి. దావా నంబరు, సంవత్సరం, పార్టీల పేర్లు, తీర్పు తేదీ, కావాల్సింది తీర్పా, డిక్రీయా, దాఖలు చేసిన దస్తావేజా అన్నది. ఇప్పటి కేసులకు 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. దాంతో ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలూ ఉత్తర్వులూ ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. అలా తీసుకున్నది చదువుకోవడానికే, సాక్ష్యంగా పెట్టాలంటే సీలు పడిన సర్టిఫైడ్ కాపీయే కావాలి. మా నాన్న దావా నాటికి కంప్యూటర్లు లేవు, సీఎన్‌ఆర్ లేదు, కోర్టు బోర్డు మీద డిస్ట్రిక్టు మున్సిఫ్ అని ఉండేది. ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి అని ఉంది. బోర్డు మారినా బెంచీ మారలేదు. కూర్చుంటే అదే మేకు గుచ్చుకుంది.

ఆ మహాసముద్రంలో నాకు దిక్కు ప్లీడరు గారి గుమాస్తా. న్యాయవ్యవస్థ అంటే న్యాయమూర్తులని పుస్తకాల్లో రాస్తారు. గుమాస్తా లేకపోతే అది రెండు రోజులు నడవదని గృహస్థులకు తెలుసు. "దరఖాస్తు వేసి ఇంటికి పోయి పడుకుంటే కుదరదన్నా" అని ఆయన నాకు జ్ఞానబోధ చేశాడు. నకలుకు స్టాంపులు ఎన్ని కావాలో లెక్కకట్టి నోటీసు బోర్డులో పెడతారు. ఇంటికొచ్చి ఎవరూ చెప్పరు. గడువులోగా స్టాంపులు దాఖలు చేయకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. "ఎప్పుడు రమ్మంటావు?" అన్నాను. "మంగళవారం రా. ఏ మంగళవారం అని మాత్రం అడగబాకు."

సర్టిఫైడ్ కాపీ వెనక ముద్ర ఎప్పుడైనా చదివారా? దరఖాస్తు వేసిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, చేతికి ఇచ్చిన తేదీ. నా ముసలితనం ఎట్లా ముదిరిందో అందులో వరసగా రాసి ఉంది. ఆ తేదీలు ఊరికే వేయరు. 1963 నాటి కాలపరిమితి చట్టం 12వ సెక్షను ప్రకారం నకలు కోసం పట్టిన కాలాన్ని అప్పీలు గడువు లెక్కలోంచి తీసేస్తారు. ఎంత దయ! ఎంత ఔదార్యం! ఆయుష్షు లెక్కలోంచి మాత్రం తీసేయరు.

ఇంత కట్టుదిట్టంగా ఉన్న రికార్డు దేవుడికి కూడా దొరకదని మీరు అనుకుంటారు. 2022 ఏప్రిల్లో నెల్లూరు కోర్టులో దొంగలు పడి ఒక కేసు ఆధారాల సంచిని ఎత్తుకుపోయారు. సంచి కోర్టు బయట కాలవలో తేలింది. దొంగలు ఇనుము కోసం వచ్చారని, కుక్కలు మొరిగితే కోర్టులోకి దూరారని పోలీసులు చెప్పారు. ఆ సమాధానంతో తృప్తిపడని హైకోర్టు ఆ ఏడాది నవంబరులో విచారణను సీబీఐకి అప్పగించింది. లోతుపాతులు పెద్దవాళ్ళు చూసుకుంటారు. నేను వరుసలో నిలబడ్డ పౌరుడిగా ఒక్క మాటే అడుగుతున్నాను. వాళ్ళు స్టాంపులు దాఖలు చేశారా?

అలసిపోయి అరుగు మీద చేరగిలబడితే ఎదురుగా మా కొండ, దాని మీద ఉదయగిరి కోట. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఈ కోటను ముట్టడించి 1514లో గజపతుల చేతిలోంచి గుంజుకున్నాడు. ఆయనకు అడ్డొచ్చినవి కొండ, గోడలు, సైన్యం మాత్రమే. కౌంటరు లేదు. కోట పట్టాక ఇక్కడి బాలకృష్ణుణ్ణి విజయనగరానికి తరలించి, గుడి కట్టించి, శాసనం చెక్కించాడు. 500 ఏళ్ళు దాటినా ఆ రికార్డు హంపీలో ఉంది. ఎవరైనా పోయి నిలబడి చదువుకోవచ్చు. దరఖాస్తు అక్కర్లేదు, స్టాంపు అక్కర్లేదు, మంగళవారం అక్కర్లేదు. రాయి అయితే రిపేరుకు పోదు.

ఇక మూడోది, పరమ పవిత్రమైనది, మేకల మచ్చ కడగాల్సినది, జైలు పర్వం. ఇప్పటి ఖైదీల రికార్డు అయితే కంప్యూటర్లో ఉంటుంది. లోపల ఉన్నవాణ్ణి చూడాలంటే ఈ-ములాకాత్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. విచారణ ఖైదీగా గడిపిన రోజులను శిక్షలోంచి తగ్గించే 468వ సెక్షను నాగరిక్ సురక్షా సంహితలో ఉంది గనుక, ఎన్ని రోజులు ఉన్నాడో జైలు వాళ్ళు ఇచ్చే కస్టడీ సర్టిఫికెట్టుకు ఎంతో విలువ. వకీలు ద్వారానో, సమాచార హక్కు కిందనో జైలు సూపరింటెండెంటును అడగొచ్చు. నెల్లూరు సెంట్రల్ జైలు చెముడుగుంటలో ఉంది. ఇదంతా బతికున్న ఖైదీల వైభోగం. మా తాత ఆ వసతులన్నీ రాకముందే విడుదలైపోయాడు.

ఆయన జైలుకు పోయిన నాడు నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆ రోజుల్లో ఇక్కడి రాజకీయ ఖైదీలను వెల్లూరు, తిరుచిరాపల్లి, కన్ననూరు, రాజమండ్రి, బళ్ళారి దగ్గర అల్లీపురం జైళ్ళకు పంపేవారు. ఇప్పుడు చూడండి. మొదటి రెండూ తమిళనాడుకు పోయాయి, కన్ననూరు కేరళకు పోయింది, అల్లీపురం కర్ణాటకకు పోయింది, రాజమండ్రి ఒక్కటి మనకు మిగిలింది. ఖైదీ పారిపోవడం విన్నాం గానీ, ఖైదీని వదిలేసి జైళ్ళే పారిపోవడం ప్రపంచ చరిత్రలో ఎక్కడైనా ఉందా? వాటి మీద ఎవరూ కేసు కూడా కట్టలేదు.

రాష్ట్రమేమన్నా కుదురుగా ఉందా? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి రాజధాని కర్నూలుకు, మరుసటి ఏడాది హైకోర్టు గుంటూరుకు పోయాయి. 1956 నవంబరులో రెండూ హైదరాబాదు బండెక్కాయి. 1970లో మా జిల్లాలోంచి కందుకూరు, కనిగిరి, పొదిలి వైపు ముక్క తీసి ఒంగోలు జిల్లాలో కలిపారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2008లో జిల్లాకు పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టారు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. 2019 జనవరి 1న హైకోర్టు అమరావతికి వచ్చింది. 2022లో మళ్ళీ జిల్లాలను కత్తిరించి, కందుకూరును తిరిగి మాకే ఇచ్చారు. మా ఊరు మాత్రం జానెడు కదల్లేదు. కొండ కింద ఊరు ఎటు పోతుంది? దాని చుట్టూ గీతలే తిరిగాయి, వాటి వెంట మా తాత కాగితం తిరిగింది. ఏ మలుపులో బండి దిగిపోయిందో!

1972 ఆగస్టు 15న సమరయోధులకు కేంద్రం పింఛను పెట్టినప్పుడు కూడా ఈ చిక్కే వచ్చింది. ఆరు నెలల జైలు, తర్వాతి కాలంలో స్త్రీలకూ ఎస్సీ ఎస్టీలకూ మూడు నెలలు, దానికి జైలు రికార్డు చూపాలి. రికార్డు లేకపోతే, లేదని ప్రభుత్వం నుంచి ఒక ధ్రువపత్రం, దాంతోపాటు ఆయనతో కలిసి జైల్లో ఉన్నవాళ్ళ ధ్రువపత్రం. అంటే లేని కాగితానికి కూడా ఒక కాగితం ఉంది. ఈ దేశపు మేధస్సుకు నేను సాష్టాంగపడ్డాను. మా తాత పింఛను అడగలేదు, అడిగే స్వభావం కాదు. నేనడిగేదీ పింఛను కాదు, పరువు. తోటి ఖైదీల కోసం వెతికాను. వాళ్ళంతా ఈ లోకం నుంచే విడుదలై పోయారు.

అందుకని లేదన్న కాగితమే ఇమ్మన్నాను. ఉన్నదాన్ని ఇవ్వడానికి పట్టేంత కాలం లేనిదాన్ని ఇవ్వడానికీ పట్టింది. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు రాసింది, అది మూడో ఆఫీసుకు రాసింది, మూడోది మొదటిదాన్ని అడగమంది. ఆఖరికి ఒక కవరు వచ్చింది. సంతకం, సీలు, నంబరు, తేదీ, అన్ని లాంఛనాలతో, "మీరు కోరిన వ్యక్తికి సంబంధించిన రికార్డు అందుబాటులో లేదు" అని. దాన్ని బావమరిది ముందు పరిచాను. వాడు ముందూ వెనకా తిప్పి చూసి, "ఇందులో స్వాతంత్ర్యం అని లేదే బావా" అన్నాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి, జీవితంలో మొదటిసారి ఒక ప్రభుత్వ ఆఫీసు పక్షాన మాట్లాడాను. "మేకలని ఉందా?" అన్నాను. వాడికి నోట మాట రాలేదు. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి హాల్లో తగిలించాం. మా ఆవిడ దానికి ఎదురుగా క్యాలెండరు తగిలించింది, క్యాలెండరే నయమట.

కనుక సాటి పౌరులారా, నా డిమాండ్లు పెద్దవేమీ కావు. సమాచార హక్కు చట్టం 4వ సెక్షను ప్రకారం ప్రతి ఆఫీసూ ఎవరూ అడక్కముందే 17 రకాల సంగతులు తానే బయటపెట్టాలి, అందులో సమాచార అధికారి పేరూ హోదా కూడా ఉన్నాయి. ఆ బోర్డును బీరువా వెనక కాకుండా ముందు పెట్టండి. ఏ కాగితం ఎవరి దగ్గర దొరుకుతుందో, ఎంత ఖర్చో, ఎన్నాళ్ళు పడుతుందో తెలుగులో, కనబడే అక్షరాల్లో రాయండి. ఎఫ్‌ఐఆర్ నంబరును ఫిర్యాదు ఇచ్చిన నిమిషంలో సెల్లుకు పంపండి, టీ బంకు అబ్బాయి సంసారం చేసుకుంటున్నాడు, అతనికి వేరే పనులున్నాయి. ఆత్మకూర్లన్నిటికీ ఎదురుగా జిల్లా పేరు రాయండి. కౌంటరు దగ్గర దారం కట్టిన పెన్నులో రీఫిల్ వేయండి. బెంచీ మీద పైకి లేచిన మేకును లోపలికి దిగ్గొట్టండి. ఈ వినతిని సంబంధిత అధికారులందరికీ మూడేసి ప్రతులు పంపుదామని జిరాక్స్ షాపుకు వచ్చి నిలబడ్డాను.

కరెంటు లేదు.